పడవవాడి ఆఖరి మాట

అక్టోబరు ఆఖరి శనివారం, లైబ్రరీ హాలు వెనక గదిలో కాఫీ కప్పులు కడుగుతూ తెల్లెర్వో మామూలుగా చెప్పేసింది.

"వచ్చే నెల మన పడవవాడి సినిమా వేస్తున్నాం. హంగేరీ నించి కొత్తగా శుభ్రం చేసిన కాపీ వస్తోంది. బొమ్మొక్కటే కాదు, సౌండు కూడా బాగుచేశారట. ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుందట."

కప్పులు తుడుస్తున్న ఇర్యా చెయ్యి ఆగిపోయింది.

"ఏమే, సంతోషంగా లేదా? నీ సినిమాయే కదా, నీ పాత సబ్‌టైటిల్సే వేస్తున్నాం."

"సంతోషమే," అంది ఇర్యా. తుడిచిన కప్పునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

కొక్కొల అనే ఆ ఓడరేవు ఊళ్ళో పాత సినిమాల సంఘం పెట్టి పన్నెండేళ్ళయింది. నెలకో శనివారం మధ్యాహ్నం పదిహేనుమంది దాకా పోగవుతారు. ఇదివరకు చూసిన సినిమానే మళ్ళీ చూస్తారు. తర్వాత కాఫీ, యాలకుల బన్నులు, వాదన. వాదన కోసమే వచ్చేవాళ్ళు సగం మంది. వాళ్ళందరిలో సినిమా పనితో నేరుగా సంబంధం ఉన్న మనిషి ఇర్యా ఒక్కతే. ముప్ఫై ఏళ్ళు హెల్సింకీలో ఉండి, టీవీకి హంగేరీ సినిమాల సబ్‌టైటిల్స్ ఫిన్నిష్‌లో రాసింది. రిటైరయ్యాక పుట్టిన ఊరు చేరింది. ఇప్పుడు డెబ్భై నాలుగు. సినిమా చివర ఆమె పేరు పడితే హాల్లో అందరూ చప్పట్లు కొడతారు. ఆవిడ చెయ్యి విసిరి "ఆపండర్రా" అంటుంది గానీ, ఆ చప్పట్లు లేకపోతే ఆ రోజు ఇంటికి నడక బరువుగా ఉండేది.

పడవవాడి సినిమా కథ పెద్దదేం కాదు. ఏటి మీద వంతెన కట్టాక పడవ ఎక్కేవాళ్ళు ఉండరు. రేవులో ఉంటున్న పడవవాడూ పెళ్ళాం ఇల్లు ఖాళీ చెయ్యాలి. సామాను లారీకెక్కుతుంది, భార్య ముందు ఎక్కి కూర్చుంటుంది. లారీ ఇంజను మోత పెడుతుంటే గుమ్మంలో నిలబడ్డ పడవవాడు వెనక్కి తిరిగి ఆమెతో ఒక మాట అంటాడు. తెర మీద ఇలా పడుతుంది: "నువ్వు పద. దీపం ఆర్పేసి వస్తాను." అంతే, సినిమా అయిపోతుంది. అతను వచ్చాడో లేదో చూపించరు.

పన్నెండేళ్ళుగా సంఘం ఆ మాట మీదే రెండుగా చీలి ఉంది. రాడు, ఏట్లో దూకుతాడు అనేది తెల్లెర్వో పక్షం. వస్తాడు, కాస్త ఆలస్యంగానైనా వస్తాడు అనేది ఎన్సియో పక్షం. ఎన్సియో ఓడరేవులో క్రేను నడిపిన మనిషి, మితభాషి. నాలుగేళ్ళ కింద భార్య సైమి పోయినప్పుడు ఆమె సమాధి రాయి మీద ఆ రెండు వాక్యాలే చెక్కించాడు.

ఆ మాట పడవవాడి నోట విని రాసింది కాదని ప్రపంచంలో ఇర్యా ఒక్కదానికే తెలుసు.

పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో సినిమాతో పాటు వచ్చిన సంభాషణల కాగితాల్లో ఆఖరి పేజీ లేదు. సినిమా చూడ్డానికి ఆమెకి దొరికింది రెండే సార్లు. రెండుసార్లూ ఆ చోట లారీ మోత తప్ప ఏమీ వినపడలేదు. నాలుగింటికల్లా కాగితాలు ఇచ్చెయ్యాలి, టైపు చేసే అమ్మాయి కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పేజీ లేదని పై వాళ్ళకి చెప్తే ఇంకో వారం ఆగాలి, చేతికొచ్చిన పని ఇంకొకరికి పోతుంది. ఇర్యా ఆ మనిషి పెదాల కదలిక చూసి, ఆ పొడవుకి సరిపడేలా తోచిన మాట రాసేసింది. అది తప్పో ఒప్పో కూడా ఆమెకి తెలీదు. అతను నిజంగా ఏమన్నాడో ఈ ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఎన్నడూ వినలేదు, వినాలని ప్రయత్నించనూ లేదు.

ఇప్పుడు సౌండు బాగుచేశారట. అదీ చాలదన్నట్టు సెప్టెంబరులో సంఘంలో కొత్తగా ఒకామె చేరింది. పిరోష్కా, మునిసిపల్ ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు. బుడాపెస్ట్ పిల్ల, హంగేరీ భాష ఆమెకి సొంత భాష.

ఆ వారం ఇర్యా ఇల్లంతా తిరగేసింది. గోనె చాపలు పెరట్లోకి ఈడ్చి, మంచువాన పడుతున్నా దులిపింది. అల్మారాలు ఖాళీ చేసి మళ్ళీ అలాగే సర్దింది. పుస్తకం పట్టుకుంటే ఒక పేజీ కదిలేది కాదు. రేవు దాకా నడిచి వెళ్ళేది, వెళ్ళాక ఎందుకొచ్చానా అని వెనక్కి తిరిగేది. మంగళవారం తెల్లెర్వోకి ఫోను చేసింది.

"ఆ సినిమా మొన్నేగా చూశాం. ఇంకోటేదైనా వేద్దామే."

"మొన్నేమిటే, ఆరేళ్ళయింది. నీకు వయసు మీద పడుతోంది. పోస్టర్లు కూడా అంటించేశాను."

"లైబ్రరీ వాళ్ళు ఒప్పుకుంటారు, నేను అడుగుతాను."

"వాళ్ళు కాదు, నేను ఒప్పుకోను. ఏం, ఎన్సియో వాదం ఓడిపోతుందని భయమా?" అని నవ్వి ఫోను పెట్టేసింది.

మిగతావాళ్ళు తిట్టుకుంటే తిట్టుకుంటారు. ఎన్సియోకి మాత్రం ముందే చెప్పాలి. గురువారం సైకిలు తీసి అతనింటికి వెళ్ళింది. అతను వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు.

"సరైన టైముకి వచ్చావు. చేప సూపు పొయ్యి మీదుంది," అన్నాడు.

సోఫాలో కూర్చోబెట్టి గిన్నె చేతికిచ్చాడు, పక్కన నల్లటి రై ధాన్యపు రొట్టె పెట్టాడు. ఇర్యా సగం గిన్నె తాగి గొంతు సవరించుకుంది.

"ఎన్సియో, ఆ సినిమా గురించి..."

"ఆఁ, నేనూ అదే చెబుదామనుకుంటున్నా." అతను లేచి కిటికీ దగ్గర్నించి ఒక ఫోటో తెచ్చాడు. సమాధి రాయి, కొత్తగా కడిగినట్టుంది. "అక్షరాల్లో నాచు పట్టింది. పళ్ళు తోముకునే బ్రష్షు పెట్టి కూర్చుని తీశాను. రెండు గంటలు పట్టింది. చూడు, ఎంత బాగా కనపడుతోందో."

"బాగుంది," అంది ఇర్యా.

"నువ్వేదో అంటున్నావు."

"ఏం లేదు. ఉప్పు కాస్త తగ్గింది."

ఇంటికి వచ్చే దారిలో ఆమె సైకిలు తొక్కలేదు, నడిపించుకుంటూ వచ్చింది. ఇంటికి త్వరగా చేరాలనిపించలేదు.

మిగిలిన దారి పిరోష్కా ఒక్కతే. ముందే కలిసి, సంగతి చెప్పి, ఆ రోజు నోరు మెదపకుండా ఉంటే చాలమ్మా అని అడగాలి. పరిచయం తక్కువ, ఇంటికి వెళ్తే బాగోదు. అందుకని పన్ను నొప్పి అని చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకుంది.

"ఎక్కడ నొప్పి, ఇర్యా గారూ?" పిరోష్కా చేతి తొడుగులు వేసుకుంటూ అడిగింది.

"పన్ను కాదమ్మా, నేను నీతో ఒక మాట..."

"మాటలు తర్వాత. ముందు నోరు తెరవండి." అద్దం లోపల పెట్టేసింది. "అమ్మో. ఇది నొప్పి పెట్టకుండా ఎలా ఉంటుంది? కింద వైపు మొత్తం పుచ్చిపోయింది. ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నారు?"

ఇర్యా "ఆఁ ఆఁ" అంది. ఇంజక్షను పడింది. తర్వాత ముప్పావుగంట సేపు పిరోష్కాయే మాట్లాడింది. పడవవాడి సినిమా చిన్నప్పుడు వాళ్ళ తాతతో చూసిందట, ఆఖరి సీను మాత్రం గుర్తు లేదట, మళ్ళీ చూడ్డానికి రోజులు లెక్కపెడుతోందట. ఇర్యా కుర్చీలో పడుకుని పైన దీపం వైపు చూస్తూ ఉంది. లేచేసరికి మూతి సగం మొద్దుబారిపోయింది.

"ఇందాక ఏదో చెప్పబోయారు?"

"ఫిఫెమా..." అంది ఇర్యా. చొంగ కారింది.

"మూడు గంటల్లో తగ్గిపోతుంది లెండి," అని పిరోష్కా తర్వాతి మనిషిని పిలిచింది.

సినిమా వేసే శనివారం రానే వచ్చింది. హాలు ఎప్పుడూ లేనంతగా నిండింది. ఇర్యా గోడ వారగా నిలబడే సినిమా చూసింది. నడుం నొప్పి అని సాకు చెప్పింది. బొమ్మ నిజంగానే కొత్తదానిలా ఉంది, నీటి మీద వెలుగు కూడా తెలుస్తోంది. ఆఖరికి లారీ వచ్చింది. ఇంజను మోత ఇప్పుడు ఎక్కడో దూరంగా ఉంది. పడవవాడు గుమ్మంలో తిరిగాడు. తెర కింద దీపం మాట పడింది. అతని గొంతు మాత్రం హాలంతా వినపడేలా ఇంకేదో అంది.

ఇర్యాకి అర్థమైంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి విని, అర్థం చేసుకుంది. అదే క్షణంలో మూడో వరసలోంచి పిరోష్కా ఫక్కున నవ్వింది. అంతా నిశ్శబ్దంగా ఉన్న హాల్లో ఆ ఒక్క నవ్వు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇర్యా పేరు పడింది. చప్పట్లు కొట్టారు.

కాఫీ పోయకముందే తెల్లెర్వో అందుకుంది. "డాక్టరమ్మా, నువ్వెందుకు నవ్వావు? మేం ఇక్కడ ముక్కు చీదుకుంటుంటే."

పిరోష్కా ఇర్యా వైపు చూసింది. ఆ చూపుతోనే ఆమెకి సంగతి తెలిసిపోయిందని ఇర్యాకి తెలిసింది. "ఏం లేదండీ. ఏదో వేరే గుర్తొచ్చింది," అంది పిరోష్కా.

"అతను అన్నది సరిగ్గా అదేనా? మీ భాషలో ఇంకేదైనా అర్థం వస్తుందా? ఈ ఎన్సియోకి కాస్త బుద్ధి చెప్పు."

"నాకు సరిగ్గా వినపడలేదండీ."

అక్కడితో ఆగిపోయేదే. ఇర్యా బన్నుల పళ్ళెం పట్టుకుని ఒకరి దగ్గర్నించి ఒకరికి అందిస్తోంది. పిరోష్కా తన కోసం అబద్ధమాడింది. ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ ఇర్యా పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

"ఆమెకి వినపడింది," అంది. "దీపం సంగతి అతను అనలేదు. నేను రాశాను. కాగితం పోయింది, మాట వినపడలేదు, నేనే కల్పించి రాశాను. ఎవరికీ చెప్పలేదు."

తెల్లెర్వో కుర్చీలో వెనక్కి వాలింది. "పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళు మేం కొట్టుకు చస్తుంటే నువ్వు కూర్చుని బన్నులు తిన్నావు."

"తిన్నాను."

వెనక నించి ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చారు. అప్పుడు ఎన్సియో అడిగాడు, నెమ్మదిగా, పిరోష్కాని: "మరి ఏమన్నాడమ్మా?"

పిరోష్కా తలదించుకుంది. "మేకని ఎక్కించావా, అన్నాడండీ."

"మేకనా."

"అవునండీ. లారీలోకి."

ఎన్సియో తల ఊపాడు, లెక్క సరిపోయిందన్నట్టు. లేచి కోటు తొడుక్కున్నాడు, బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టుకున్నాడు, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం నాలుగే అయినా వీధి చీకటిగా ఉంది. ఇర్యా వెంట వెళ్ళింది గానీ, మెట్ల దగ్గరికి వచ్చేసరికి అతను మలుపు తిరిగిపోయాడు.

పదకొండు రోజులు అతను ఫోను ఎత్తలేదు. ఇర్యా ఒక చోట కూర్చుని అన్నం తినలేకపోయింది, నిలబడే తినేది. ఉత్తరం రాసి చింపేసింది. ఇంకోటి రాసి జేబులో పెట్టుకుని అతని ఇంటి దాకా వెళ్ళి, పొగ గొట్టంలోంచి పొగ వస్తుండటం చూసి, బతికే ఉన్నాడులే అనుకుని తిరిగొచ్చింది. సమాధుల తోటకి మాత్రం వెళ్ళే ధైర్యం రాలేదు.

పన్నెండో రోజు అతనే వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వసారాలోనే నిలబడ్డాడు.

"ఆ మాట ఎవరిది?" అన్నాడు.

"నాదే."

"అది కాదు. నీకెక్కడిది? మీ అమ్మ అనేదా, నీ మొగుడు అనేవాడా?"

ఏదో ఒకటి చెబితే అతని మనసు కుదుటపడేదేమో. చెప్పడానికి మంచి కథ కూడా తోచింది.

"ఎవరూ అనలేదు ఎన్సియో. టైపు అమ్మాయి నిలబడి ఉంది. అతను గుమ్మంలో ఉన్నాడు, లోపల చీకటిగా ఉంది, అందుకని తోచింది. అంతే."

అతను వంగి బూట్ల మీది మంచు దులుపుకున్నాడు.

"రాయి అలాగే ఉంటుంది," అన్నాడు చివరికి. "చెక్కిందాన్ని తియ్యడం నా వల్ల కాదు. కానీ ఇప్పుడు అక్కడికి పోతే నాకు మేక గుర్తొస్తోంది. సైమి అయితే మూడు రోజులు నవ్వేది. నాకు నవ్వు రావడం లేదు."

"నాకూ రావడం లేదు."

"నువ్వు చెప్పాల్సింది. మా ఇంటికొచ్చి, నా సోఫాలో కూర్చుని, నా సూపు తాగి వెళ్ళావు. ఉప్పు తగ్గిందన్నావు."

"చెప్పడానికే వచ్చాను."

"తెలుసు. అందుకే కోపం ఇంకా ఎక్కువ." అని వెళ్ళిపోయాడు.

ఆ చలికాలమంతా బుధవారాలు పిరోష్కా ఇర్యా ఇంటికి వచ్చేది. ఇర్యా రాసిన ముప్ఫై ఒక్క సినిమాల్లో దొరికినవాటిని ఇద్దరూ కూర్చుని మాట మాటా సరిచూశారు. ఇంకో చోట కూడా కల్పించింది దొరుకుతుందేమో అని ఇర్యా ప్రతి సినిమాకీ కుర్చీ అంచున కూర్చునేది. చిన్న తప్పులు పద్నాలుగు దొరికాయి, కల్పన మాత్రం ఎక్కడా లేదు. అది తెలిశాక కూడా ఆమెకి తేలికపడినట్టు అనిపించలేదు.

సంఘంలో తెల్లెర్వో రెండు నెలలు ఎత్తిపొడిచి మానేసింది. పడవవాడి మీద కొత్త వాదన మొదలైంది. మేక గురించి అడిగేవాడు చావడని కొందరు, చావబోయేవాడే మేక గురించి అడుగుతాడని తెల్లెర్వో. ఎన్సియో డిసెంబరులోనూ జనవరిలోనూ రాలేదు. ఫిబ్రవరిలో వచ్చి, ముందు వరసలో ఒక్కడే కూర్చుని, సినిమా అవగానే వెళ్ళిపోయాడు. మార్చిలో దీపాలు ఆర్పాక ఆలస్యంగా వచ్చి, చీకట్లో తడుముకుంటూ ఇర్యా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఏదో పాత పోలీసు సినిమా. ఇద్దరికీ బొత్తిగా నచ్చలేదు. కాఫీ దగ్గర ఆ మాటే చెప్పి, ఇద్దరూ ఒక పక్షంగా మిగతావాళ్ళందరితో గట్టిగా పోట్లాడారు.