మెడ ఊడిన గిటారు

కిందటి క్రిస్మస్‌కు ముందు ఆదివారం, విడవలూరు దగ్గర మా చర్చిలో జరిగిందిది. మా ఆయన ఎంతో కాలం ఎదురుచూసి, గిటార్లు చేత్తో తయారుచేసే ఒకాయన దగ్గర ఎలక్ట్రిక్ గిటారు చేయించుకున్నారు. ఆ రోజే దాన్ని మొదటిసారి చర్చికి తెచ్చారు.

మా పాటల బృందంలో బేస్ గిటారు వాయించే డేవిడన్న దాన్ని తిప్పి చూసి పెదవి విరిచాడు. "ఇంత ఖరీదు పెట్టి, మెడను స్క్రూలతో బిగించినారా? జిగురుతో అతికించిన మెడైతేనే నాదం నిలుస్తాది."

మా ఆయనకు రోషం వచ్చింది. "ఎంత బిగువుగా కూర్చోనుండాదో చూడన్నా!" అంటూ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశారు. తీగలు వదులు చేసి, స్క్రూలు విప్పి, వేళ్లతో తీగలు నొక్కే ఆ పొడుగాటి మెడను ఊడదీసి చూపించారు. ఇద్దరూ తొంగిచూస్తూ వాదించుకుంటుండగానే పాస్టరుగారు మైకులో మా పాట ప్రకటించారు.

మా ఆయన ఒక చేతిలో మెడ, ఇంకో చేతిలో మిగతా గిటారు పట్టుకుని సంఘం ముందు నిలబడిపోయారు. చేసేదేం లేక చప్పట్లతోనే పాడేశాం.

బయటికొచ్చాక, ముందు వరుసలో కూర్చునే మరియమ్మవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఈ వారమే పాటలో మాటలు వినపడినాయి నాయనా. దాన్ని అట్లనే ఉంచు."

మెడ అతికించాలా, బిగించాలా అన్నది వాళ్లిద్దరూ ఇంకా తేల్చుకోలేదు. ఆదివారం మాత్రం స్క్రూడ్రైవర్ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటోంది.