అమావాస్య నాటి గ్యాసు

మాది బోల్టులు చేసే షెడ్డు. ఎల్బీనగర్ నుంచి అల్మాస్‌గూడ మీదుగా బాలాపూర్ వెళ్లే దారిలో ఉంది. సరుకులో ముప్పాతిక వంతు జర్మనీలో ఒకే కంపెనీ కొంటుంది. అక్కడ దిగే ఉక్కు సరుకు మీద, తయారీలో వెలువడే పొగను బట్టి ఇప్పుడు కార్బన్ సుంకం వచ్చింది కనుక, మా ఫర్నేసులో ఏ రోజు ఎంత గ్యాసు కాలిందో రాసి పంపమన్నారు. లెక్క తేలకపోతే అక్కడి అధికారులే ఓ పెద్ద అంకె వేస్తుందట. అప్పుడు మా బోల్టులు కొనడం వాళ్లకు గిట్టదు, మా షెడ్డు మూతే.

అమావాస్యకు మేం ఫర్నేసు ముట్టించం. మా మేస్త్రీ పాతికేళ్లుగా నడిపిన కట్టుబాటది. అతను చనిపోయినా మేం మానలేదు. అందుకే ఆ రోజులన్నిటికీ సున్నా వేసి దర్జాగా సంతకం చేశాను. మీటరు చూడాలన్న ఇంగితం లేకపోయింది నాకు.

ఆ లెక్క సరిచూసే ఆడిటర్ వస్తున్నాడని రీడింగులు తీయిస్తే, ప్రతి అమావాస్యకూ గ్యాసు కాలింది.

ఆ నెల అమావాస్య మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో అన్నం కూడా తినకుండా బయల్దేరాను. సూపర్‌వైజర్ తాళం తీశాడు. లోపల మనిషి లేడు, గాలి మాత్రం వెచ్చగా ఉంది. మేం చూస్తుండగానే ఫర్నేసు భగ్గున అంటుకుంది. నేను గుమ్మం దాకా వెనక్కి గెంతాను.

"ఎవరయ్యా వెలిగించింది?"

సూపర్‌వైజర్ గ్యాసు పైపు వెంబడే షెడ్డు వెనక్కి పోయి, కాసేపటికి చెమటలతో వచ్చాడు.

"ఎవ్వరు ముట్టలే మేడం. సల్లబడితే లోపలి ఇటుకలు పగులుతయని మేస్త్రీ ముసలాయన ఎన్కకెల్లి వేరే లైను గుంజిండు. జర వేడి తగ్గంగనే గదే అంటుకుంటది. నాకు గూడ ఇయ్యాల్నే ఎరుకైంది."

భయం తగ్గాక సిగ్గేసింది. ఇన్నేళ్లలో అతని పని గురించి ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు నేను.

సున్నాలన్నీ దిద్దాను. ఆ రోజుల్లో ఫర్నేసు నడిపిందెవరు అన్న గడిలో అతని పేరే రాశాను.

"ఈయన్ని ఒకసారి పిలిపిస్తారా?" అన్నాడు ఆడిటర్.

"పోయాడండీ. నాలుగు నెలలైంది."

"మరి మొన్న అమావాస్యకు నడిపింది?"

"అతనే."

ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. "బతికున్న మనిషి పేరు ఉండాలి మేడం. లేదంటే నేను సంతకం పెట్టలేను."

అతని పేరు కొట్టేసి నా పేరు రాశాను. షెడ్డు నిలబడింది. అమావాస్యలు మాత్రం ఇప్పటికీ అతనే నడుపుతున్నాడు.