నీలి ప్లేటు కారు, కోటేశ్వరరావు గారి సంతకం

గత మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు పొదిలి నుంచి ఫోను వచ్చింది. విశ్రాంత ట్రాఫిక్ ఎస్సై కోటేశ్వరరావు గారు నిద్రలోనే దివంగతులయ్యారు. ఆ వార్తను డైరీలో రాసుకుని పొదిలి బయలుదేరాను.

గుంటూరులో ఆయన కింద తొమ్మిదేళ్ళు పనిచేశాను. మిర్చి కొనుగోళ్ళ కాలంలో విదేశీ దౌత్యాధికారులు కార్లలో వచ్చేవారు. నీలి నంబరు ప్లేటున్న ఆ వాహనాలకు చలానా రాయగలమే గాని, కట్టమని నిర్బంధించలేము. ఆయన ఆ చలానాలను తపాలాలో పంపేవారు కాదు. స్వయంగా వారి బసకు వెళ్ళి, ప్రయాణ కుశలమడిగి, లేచేటప్పుడు కవరు బల్లమీద ఉంచి వచ్చేవారు. "గట్టిగా అడిగితే వాళ్ళకి చట్టం గుర్తొస్తుందయ్యా. అడక్కపోతే మర్యాద గుర్తొస్తుంది" అనేవారు.

ఆ సహనం నాకు లేకపోయింది. నేను చేరిన ఏడాది, మూడు చలానాలు బాకీ ఉన్న అటువంటి కారొకటి మిర్చి యార్డు గేటుకు అడ్డంగా నిలిచింది. నిబంధన తెలిసి కూడా దాని చక్రానికి తాళం వేయించాను. గంటలో పైనుంచి ఫోను.

"అడ్డమొచ్చిందని తాళమేశావు. ఇప్పుడది ఎటు కదులుద్దయ్యా?" అన్నారు కోటేశ్వరరావు గారు.

తాళం తానే తీసి, ఆ అధికారికి క్షమాపణ చెప్పారు. ఆ కారు వెనకే లారీతో నిలిచిపోయిన రైతును పిలిచి, "వీరు మా పొదిలి రైతండి" అని ఇంగ్లీషులో పరిచయం చేశారు. చలానా ప్రస్తావన లేదు.

"కారు బాగుందండీ. పొద్దుటి నుంచీ చూస్తానే ఉన్నా" అన్నాడు రైతు. ఆ మాటను ఆయన ఉన్నదున్నట్టు అనువదించారు. అధికారి తల దించుకున్నాడు. మర్నాడు మూడు చలానాలూ చెల్లాయి.

తాళం గురించి పైవాళ్ళు మొదలుపెట్టిన విచారణ మాత్రం ఆగలేదు. తాళం వేయించినదెవరన్న కాగితంపై ఆయన "నా ఆదేశంతోనే" అని రాసి సంతకం చేశారు.

"సార్, అది నేను కదా..."

"ప్రొబేషన్లో ఉన్నావు. నోర్మూసుకుని పోయి టీ చెప్పు."

ఆ సంతకంతో ఆయన పదోన్నతి నిలిచిపోయింది. ఎస్సైగానే పదవీ విరమణ చేశారు. వీడ్కోలు సభలో ఆయన సౌజన్యాన్ని ఎంతో కీర్తించాను. ఈ ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం, పార్థివదేహం పక్కనే, ఆయన సతీమణికి చెప్పాను.

"మాకు చెప్పలేదు బాబూ. మేమంతా ఆయనదే తప్పనుకున్నాం. నేనూ ఎన్నోసార్లు దెప్పాను" అన్నారు.

అటువంటి మనిషి మళ్ళీ మా శాఖకు రారు.

పోయినవి: ఆయన పదోన్నతి, సొంత ఇంట్లో ఆయనకు దక్కవలసిన గౌరవం, ఇప్పుడు ఆయన. మిగిలినవి: నా ఉద్యోగం, ఆయన వినలేనప్పుడు నేను చెప్పిన నిజం.