రాకాసి గూట్లో పూసలు

ఈరోజు మనుమరాలితో మ్యూజియానికి పోయాను. సింధు, నైలు నాగరికతల పటాల పక్కన, అద్దాల పెట్టెలో ఒక చిన్న కుండ కనిపించింది. లోపల నలుపు, బయట ఎరుపు. మన దిక్కు రాజులూ కోటలూ పుట్టకముందటి మనుషులదట. చూడగానే ఊళ్లోని మా మెట్టచేను, మా చెల్క మట్టివాసన ముక్కుకు తగిలింది.

పరకాల దిక్కు మిత్రులారా, మన రాకాసి గూళ్లు గుర్తున్నాయా? చుట్టూ బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన గూళ్లు! పురాణ గ్రంథం సంచిలో లేనిదే గడప దాటని నేను, వేదికలెక్కి రాక్షస సంహారం గర్జించే నేను, చిన్నప్పుడు వాటి దిక్కు చూడాలంటేనే వణికేవాణ్ని!

ఓ ఎండాకాలం, బావి దగ్గర బట్టలుతకడానికి పనికొస్తుందని మా నాయన, బాపు, మా చెల్కలో ఉన్న గూటి పైబండను గడ్డపారతో లేపాడు. లోపల అలాంటి కుండే ఉంది. కొన్ని ఎముకలు, ఎర్రటి సన్న పూసలు కూడా.

"రాకాసి బొక్కలు! వాగుల పారేసొస్త" అన్నాడు బాపు.

బాపును కన్న బాపమ్మ పూసలను అరచేతిలో పెట్టుకుని చూసింది. "రాకాసికి గింత సన్న పూసలెందుకుర? ఇది పసిపోరి మెడది. ఎవలో తల్లి ఏడ్సుకుంట ఏసింది. బండ కప్పు."

"మరి బట్టలేడ ఉతకాలె?"

"నా ఈపు మీద ఉతుక్కో పో!"

బాపు నవ్వుతూ బండ కప్పేశాడు.

ఆ ఏటి పెత్రమాసకు, గతించిన మావాళ్ల పేరున అయ్యగారికి బియ్యం ఇస్తూ, బాపమ్మ ఇంకో చాట ముందుకు జరిపింది.

"ఇది ఎవరి పేరునమ్మా?"

"పేరు ఎర్కలేదయ్యా. మా చెల్కల పండుకున్న పొల్ల."

"మరి గోత్రం?"

"మాదే చెప్పయ్యా. మా చెల్కల ఉన్నంక మా పొల్లే గద."