మ్యూజియానికి వెళ్తూ ఆగిన యుద్ధనౌక

అరవయ్యవ దశకం మొదట్లో మద్రాసు హార్బరులో ఆ కార్వెట్ ఎక్కాను. రెండో ప్రపంచయుద్ధంలో సరకు ఓడలకు కాపలా తిరిగిన చిన్న యుద్ధనౌక అది. మందుగుండు అప్పటికే దించేశారు. రెండు బాయిలర్లలో ఒకటే పనిచేస్తోంది. ఉత్తరాన ఇంకో రేవుకు చేర్చాలి. అక్కడ జనం చూడటానికి మ్యూజియంగా ఉంచుతారు. అదే మాకు అందిన ఆర్డరు.

డెక్కు మీద తాళ్ల పని నాది. మాది కావలి దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. ఓడలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

పులికాట్ దాటాక ఈశాన్యపు గాలి ముదిరింది. మామూలు అలకే దొర్లే ఓడ అది. ఒక చేత్తో కంచం, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని తిన్నాం. మధ్యాహ్నం రేడియో ఆపరేటరు పైకి వచ్చాడు.

"కృష్ణపట్నం జాలర్ల పడవ ఒకటి తిరిగి రాలేదు సార్. దగ్గర్లో ఉన్న ఓడల్ని వెతకమంటున్నారు."

కింద ఇంజను గది చూసే చీఫ్‌కి కెప్టెన్ ఫోను చేశాడు. "ఒకసారి ఆపితే ఇంజను మళ్లీ కదులుతుందా?"

"చెప్పలేను సార్," అన్నాడు చీఫ్. "అయినా పోదాం."

పొద్దు వాలకముందే బోర్లా పడిన పడవ కనిపించింది. దానికి తనను తాను కట్టేసుకుని ఒక పెద్దాయన. కెప్టెన్ ఓడను గాలికి అడ్డంగా నిలిపి ఇంజను ఆపించాడు. ఓడ చాటున, పడవ ఉన్న పక్క నీళ్లు కొంచెం సద్దుమణిగాయి. తాళ్ల నిచ్చెన దించాం.

"కట్టు ఇప్పుకోని పైకి రా మామా," అని అరిచాను.

"మా తమ్ముడు నీళ్లల్లో ఉండాడు. వాణ్ణి ఇడిసిపెట్టి యాడికొచ్చేది?"

అంతలో ఓడ స్తంభం మీద నుంచి చూస్తున్న కాపలావాడు కేక వేశాడు. కుడివైపు దూరంగా, వల బెండ్లు పట్టుకుని ఇంకో మనిషి.

"మీ తమ్ముడు కనపడినాడు మామా. నువ్వు ఎక్కితేనే ఓడ కదిలేది."

ఆయన పళ్లతో ముడి విప్పుకున్నాడు. మేం పైకి లాగాం. కెప్టెన్ ఫోను అందుకున్నాడు. అందరం చెవులు రిక్కించి నిలబడ్డాం. కింద ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. మళ్లీ దగ్గింది. కాళ్ల కింద ఇనుము అదిరింది. ఓడ కదిలింది.

నడుముకు తాడు కట్టి నన్ను నీళ్లలోకి దించారు. తమ్ముణ్ణి వాటేసుకున్నాను. పైనుంచి లాగుతున్న నావికుల మధ్యలో దూరి ఆ పెద్దాయనా తాడు లాగాడు.

మర్నాడు గాలి తగ్గాక ఇద్దరినీ ఒడ్డు చేర్చి మా దారిన వెళ్లాం. ఓడను రేవులో కట్టేశాక చీఫ్ బాయిలరు కింద నిప్పు ఆర్పి, దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. నేను సెలవు మీద ఊరికి వచ్చాను.

తర్వాత ఒకసారి ఇంటివాళ్లను తీసుకెళ్లి ఆ మ్యూజియం చూపించాను. బోర్డుల మీద అంతా యుద్ధం సంగతే. అలాగే ఉండనీ అనుకున్నాను. ఓడ తుక్కు కాలేదు, అంతే చాలు. కానీ ఆ డెక్కు తలచుకుంటే నాకు కనిపించేది ఒకటే. అన్న తన తలగుడ్డతో తమ్ముడి తల తుడుస్తున్నాడు. ఆ గుడ్డ నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆయన తుడుస్తూనే ఉన్నాడు.