మెట్టు దగ్గర విడిచిన చెప్పులు

2024 ఫిబ్రవరి 10, శనివారం, దుబాయ్. వెళ్ళినవారు: నేను, మా ఆవిడ, అమ్మాయి, అల్లుడు.

డైరీలో ఆ రోజు కింద ఇంతే రాశాను. మిగతాది రాయడానికి చేయి రాలేదు. మొన్న లిఫ్టులో ఎవరి ఫోనో మోగి ఆ పాట వినిపిస్తే, పక్కనే ఉన్న మా ఆవిడ ముఖం చూడలేక తల దించుకున్నాను.

ఉద్యోగం కొత్తలో ఇక్కడి కరామా పేటలో ఒకే ఫ్లాటును రెండు కుటుంబాలు పంచుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. మా గోడ అవతలి గోవావాళ్ళు సెలవు రోజు వస్తే చాలు, ఒక విదేశీ పాటల బృందం క్యాసెట్టు పెట్టేవారు. మా ఆవిడకు ఇంగ్లీషు రాదు గానీ, చిన్నప్పుడు హార్మోనియం నేర్చుకున్న మనిషి కావడంతో, అందులో ఒక పాటకు స్వరాలు కట్టుకొని, పొద్దున్నే కాఫీ కలుపుతూ సరిగమలతోనే పాడుకునేది. ఇన్నేళ్ళలో ఇళ్ళు మారాయి గానీ ఆ అలవాటు మారలేదు. అది వినిపించాకే నేను మంచం దిగేవాణ్ణి. అందుకే ఆ బృందం పేరిట ఇక్కడ మ్యూజియం పెట్టారని తెలియగానే అమ్మాయి ముచ్చటపడి మమ్మల్ని తీసుకెళ్ళింది.

అక్కడ చూడడం కంటే మనం చేయడమే ఎక్కువ. చివరి గదిలో చిన్న వేదిక, దాని మీద కీబోర్డు. మనం వాయిస్తే వెనక తెర మీద ఆ బృందం మనతో కలిసి పాడుతుందట. మా ఆవిడ తన వంతు రాగానే చెప్పులు మెట్టు దగ్గర విడిచి, పైకెక్కి, కీబోర్డును తాకి కళ్ళకద్దుకుంది. వాయిద్యం ముట్టేముందు ఆమె ఎరిగిన మర్యాద అదే. వెనక క్యూలో ఎవరో నవ్వినట్టనిపించి నా ప్రాణం చచ్చిపోయింది.

“ఏమిటా పని? ఇదేమన్నా గుడా? దిగు, చెప్పులేసుకో,” అన్నాను పళ్ళు బిగబట్టి.

దిగింది. వేదిక దగ్గరి ఫిలిప్పీన్స్ పిల్ల “యల్లా మమ్మా, యల్లా!” అని, కానీయమంటూ చప్పట్లు కొడుతూనే ఉంది. నవ్విందనుకున్న వెనకావిడ “బజానే దో నా, అంకుల్!” అని, వాయించనివ్వమని నన్నే దెప్పింది. తెర మీద ఆ బృందం పాడడానికి సిద్ధంగా నిలబడి చూస్తోంది.

“కాళ్ళు లాగుతున్నాయే, పోదాం పద,” అంది మా ఆవిడ కూతురితో.

“అమ్మ వాయిస్తుందనే కదా నాన్నా వచ్చాం,” అంది అమ్మాయి. అల్లుడు ఫోన్ చూసుకున్నాడు. నేను వెనక్కి తిరిగేసరికి ఆ వెనకావిడ తన బూట్లు విప్పి, మా ఆవిడ చెప్పులు విడిచిన చోటే పెట్టి పైకెక్కుతోంది.

ఆ ఇరుకు ఫ్లాటులో పక్కవాళ్ళందరూ వింటున్నా ఆమె గొంతు విప్పి పాడేది, వినే నాకు ఏ బిడియమూ ఉండేది కాదు. ఇల్లు పెద్దదయ్యేకొద్దీ నలుగురేమనుకుంటారోనన్న భయం ఎప్పుడు వచ్చి చేరిందో నాకే తెలియలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లోంచి గ్లాసుల చప్పుడు వినిపించింది. ఆ సరిగమల కోసం ఎదురుచూస్తూ అలాగే పడుకున్నాను. కాసేపటికి కాఫీ గది దాకా తెచ్చి, “ఇంకా లేవలేదేమండీ?” అని అడిగింది.