ముందు తినే పెయ్య

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకు జీతం అందుకునే రోజున తప్ప ఎందుకూ పనికిరాదు. మిగతా రోజుల్లో దాణా ఫ్యాక్టరీ గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా అందరికీ ఆయన నోళ్లాయన. పొద్దున్నే మూడు పెయ్యల నోళ్లు తెరిచి, నాలుక పక్కకు లాగి, చిగుళ్లు తడిమి చూడటం ఆయన ఉద్యోగం.

"పెళ్లయి ఇన్నేళ్లయింది, నా మొహం ఇంత శ్రద్ధగా ఒక్కరోజైనా చూశారా?" అని భార్య దెప్పుతుంది.

"నీ నోరు నేను తెరిపించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదే," అంటాడాయన.

దేశంలోని పాడి పశువుల్లో సగానికి ఆ ఫ్యాక్టరీ దాణాయే తిండి. దేశాన్ని దెబ్బతీయాలనుకున్న వాడికి సైన్యం అక్కర్లేదు, ఈ బస్తాల్లోకి జబ్బు చేరిస్తే చాలు. పాలు పోతాయి, మాంసం పోతుంది, వాటి వెనకే రైతూ పోతాడు. అందుకే కొత్త దాణాను గోదాములో ఆపి ముందు ఈ మూడింటికి పెడతారు. ఇవి కులాసాగా ఉన్నాయని తేలాకే ఆ బస్తాలు లారీలెక్కుతాయి. వెనకటికి రాజుగారి అన్నం ముందు వంటవాడి చేత తినిపించేవారట. ఆ వంటవాడికి సంగతి తెలుసు, పెయ్యలకు తెలియదు. అంతే తేడా.

ఇంకో సంగతి. చుట్టుపక్కల ప్రతి పశువుకూ, నోట్లో, గిట్టల మధ్య పుండ్లు లేపే గాలికుంటు జబ్బు రాకుండా టీకా వేస్తారు, వీటికి మాత్రం వేయకూడదు. టీకా పడిన ఒంట్లో జబ్బు బయటపడకపోవచ్చు. బయటపడకపోతే ఇక కాపలా ఏముంది?

దేశాన్ని కాపాడేవాడంటే జనానికి తుపాకీ గుర్తొస్తుంది, పేడతట్ట గుర్తురాదు. నోళ్లాయనకు ఆ కోపమూ లేదు. ఆయన దిగులంతా మూడింటిలో ఉన్న గోధుమరంగు పెయ్య గురించే. మిగతా రెండూ తిని తప్పుకుంటాయి. ఇది తొట్టి మూలల్లోకి కూడా నాలుక పోనిచ్చి నాకి, ఆపైన ఆయన చొక్కా జేబు వాసన చూస్తుంది. "తిండిపోతా!" అని తిడుతూనే దాని మెడ గోకుతాడు.

ఇంతలో వార్త వచ్చింది. ఎవరో పశువుల్లోకి జబ్బు వదులుతామని బెదిరించారట. ఆ సాయంత్రమే, పశువుల ఆస్పత్రిలో టీకాలు వేసే బావమరిది ఐసు డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు.

"బావా, సీసాలో కొంచెం మిగిలింది. నీ ముద్దుల కూతురికి వేసేద్దామా?"

"వేయకూడదురా."

"ఎవడు చూడొచ్చాడు? కాపలాకి మిగతా రెండూ ఉన్నాయిగా!"

"జబ్బు ఆ రెండింటినీ వదిలి దీన్నే పట్టుకుంటే?"

"టీకా ఉంటుంది కాబట్టి బతుకుతుంది!"

"అది బతుకుతుంది. మనకేమో తెలియదు. లారీలు వెళ్లిపోతాయి."

"జబ్బు అంటిందంటే మూడింటినీ చంపి గోతిలో పూడుస్తారు. అది మర్చిపోకు."

"వాడన్నదాంట్లో తప్పేముంది?" అంది భార్య.

ఆయన ఐసు డబ్బా మూత తనే మూసి బావమరిది చేతిలో పెట్టాడు. లోపలి భయానికి మాత్రం మూత పడలేదు. మర్నాడు తొట్టి కడిగే నీళ్లలో కాస్టిక్ సోడా రెట్టింపు కలిపి, జబ్బు కళ్లెదుట కనబడుతున్నట్టే రుద్దాడు.

ఆ మరుసటి పొద్దున గోధుమ పెయ్య చొంగ కారుస్తోంది.

నోరు తెరిచి చూశాడు. నాలుక అంచున చర్మం ఊడి ఎర్రగా ఉంది. ఆ మూత మూసింది తనే. ముల్లు గుచ్చుకుందేమో, రేపు చూద్దామా? బయట లారీల ఇంజన్లు మొదలయ్యాయి. జేబు దగ్గరికి వచ్చిన మూతిని పక్కకు నెట్టి, ఆయన దారిలోని లారీలను కూడా ఆపించే గోడమీది ఎర్ర మీట నొక్కేశాడు.

సైరన్ మోగింది, గేట్లు మూతపడ్డాయి. లావుపాటి లారీ డ్రైవరొకడు కంచె అవతల నిలబడి అరిచాడు: "నీ పెయ్య చొంగ కారిస్తే మా పొయ్యి ఆరిపోవాలటయ్యా?" తర్వాత అన్నవి రాయదగ్గవి కావు.

మేనేజరు కూడా దూరం నుంచే బెదిరించాడు. "అది మామూలు పుండని తేలితే నీ ఉద్యోగం ఉండదు."

"అదే తేలాలి సార్," అన్నాడు నోళ్లాయన.

పశువుల డాక్టరమ్మ మొహానికి గుడ్డ కట్టుకుని వచ్చి నోటి నుంచీ రక్తం నుంచీ నమూనాలు తీసుకెళ్లింది. ఫలితం వచ్చేదాకా ఆయనా పాక దాటకూడదు. "చెప్పానా బావా?" అని ఫోనులో బావమరిది. "చెప్పావురా," అన్నాడు.

డాక్టరమ్మ మళ్లీ వచ్చేసరికి ఆమె మొహానికి గుడ్డ లేదు. అది చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"జబ్బు కాదండీ. నాలుక కాలింది. తొట్టి దేనితో కడిగారు?"

ఆయన సోడా డబ్బా చూపించాడు. ఆమె తొడుగు వేసుకున్న వేలితో తొట్టి మూల తుడిస్తే తెల్లటి పొర అంటింది.

"భయమేసి రెట్టింపు కలిపానమ్మా. నీళ్లతో కడిగాను, మూలల్లో మిగిలినట్టుంది. ఆ రెండూ మూలలు నాకవు..." అంటూనే ఆయన నేలమీద కూలబడి ఏడుస్తూ నవ్వాడు.

"అంటే ఇదంతా ఈయన నిర్వాకమా!" అన్నాడు మేనేజరు.

"సోడా తప్పే," అంది డాక్టరమ్మ. "ఇకనుంచి కొలిచివ్వండి, కడిగాక ఇంకొకరు చూడాలి. మీట నొక్కడం మాత్రం తప్పు కాదు. దారిలో ఉన్న లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగాయి, తెలుసా? నిజంగా ఆగుతాయో లేదోనని ఇన్నాళ్లూ నాకే అనుమానం."

మేనేజరు సోడా డబ్బా మీది అక్షరాలు చదవసాగాడు.

డాక్టరమ్మ పెయ్య మెడ నిమిరింది. "దీని నాలుక మీద మచ్చ ఉండిపోతుంది. ఇకమీద ఏది పాత పుండో ఏది కొత్తదో తేలదు. కాపలాకి పనికిరాదు. టీకా వేయించి పాడికి పంపేయండి."

బావమరిది ఐసు డబ్బాతో ఈసారి పెద్ద గేటు గుండానే వచ్చాడు. సూది పడగానే పెయ్య కాలు విదిలించి వాడి మోకాలు పగలగొట్టినంత పని చేసింది.

"నీ కూతురే బావా, అనుమానం లేదు," అన్నాడు మోకాలు రుద్దుకుంటూ.

దాని చోటులోకి నల్ల పెయ్య వచ్చింది. ఇప్పుడు లారీ ఎక్కేముందు డ్రైవర్లు పాక దగ్గర ఆగి, "నోళ్లు బాగున్నాయా?" అని అడుగుతున్నారు. ఒకరోజు ఆ లావుపాటి డ్రైవరు కంచె మీదికి వంగి తన నోరే తెరిచాడు.

"నాదీ చూడవయ్యా!"

నోళ్లాయన తీరిగ్గా చూశాడు. "నీది పుట్టుకతోనే పాడు. లారీ తియ్యి."

లారీ కదిలింది. ఆయన తొట్టి మూలల్లో మరోసారి మంచినీళ్లు పోసి, వేలితో తడిమి, ఆ వేలు తన నాలుకకు ఆనించి చూసుకున్నాకే నల్ల పెయ్యకు దాణా పోశాడు.